తలుపు వైపు లాగే గొంతు

అక్కా,

బుడంకాయను ఎప్పుడు తీసుకెళతావని మూడు ఉత్తరాల్లో అడిగావు. ఇక నీ దగ్గరే ఉంచేసుకో. కూతురి మీద ప్రేమ లేక కాదు, దాన్ని ఈ ఇంట్లో ఉంచాలంటే భయంగా ఉంది.

నా పని నీకు తెలుసు. ఇళ్ళలో పాటలు వినే గదులకు స్పీకర్లు ఎక్కడ పెట్టాలో చెప్పి బతికేవాణ్ణి. రెండు స్పీకర్లూ, కుర్చీ సమాన దూరంలో కుదిరితే పాడే గొంతు ఏమీ లేని మధ్యలోంచి వస్తుంది, మనిషి ఎదురుగా నిలబడ్డట్టే. నీ మరదలు పోకముందు బుడంకాయ కోసం చదివి రికార్డు చేసిన కథలున్నాయి కదా. పదిహేను రోజులుగా టేపు పట్టుకుని కొలుస్తూ ఆమెను అలా నిలబెట్టాలని చూస్తున్నాను. నిలబడటం లేదక్కా. గొంతు ఎడమకు, తలుపు వైపు లాగుతోంది. వేరే పాటలు వేస్తే చక్కగా మధ్యలోనే. స్పీకర్ల పెట్టెలు అటూ ఇటూ మార్చాను, ఐనా తలుపు వైపే. రికార్డు చేసిన రోజు ఈ గదిలోనే ఆమెను ఎదుటి గోడ మధ్యన కూర్చోబెట్టి, మైకులు కొలిచి పెట్టింది నేనే. అందులో తప్పుండదు.

నిన్న అద్దం పని చేశాను. ఒకరు కుర్చీలో కూర్చుంటే ఇంకొకరు గోడ వెంట అద్దం జరుపుతారు. అద్దంలో స్పీకరు కనిపించిన చోట శబ్దం గోడకు కొట్టుకుంటుందని గుర్తు, అక్కడ పరదా కట్టాలి. అద్దం జరిపేది ఎప్పుడూ ఆమే. నిన్న ఒక్కణ్ణే అద్దం గోడకు ఆనించి, వచ్చి కూర్చున్నాను. అందులో స్పీకరు లేదు, మూసిన తలుపు ఉంది. చూస్తుండగా దాని పిడి మెల్లగా కిందికి దిగి, మళ్ళీ పైకి లేచింది.

నీకు ఒక అబద్ధం చెప్పాను. ఆమె వంటగదిలో పడిపోలేదు. ఆ మధ్యాహ్నం నేను లోపల గడియ పెట్టుకుని కొత్త స్పీకర్లు వింటున్నాను. బయటి శబ్దం రాకుండా తలుపుకు దూది మెత్త కొట్టించింది నేనే. బయటికి వచ్చేసరికి గడప దగ్గర పడి ఉంది. ఎంతసేపు పిలిచిందో. నన్ను పిలవడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని నవ్వేది. రేపు బుడంకాయ పిలిచినా నాకు వినపడకపోతే?

నీ తమ్ముడు

*

అక్కా,

ఉత్తరం చదివి తిడతావనుకున్నాను. తిట్టకుండా ఫోను చేసి బుడంకాయ చేతికిచ్చావు. గొంతు తలుపు వైపు లాగుతోందని నువ్వే చెప్పినట్టున్నావు, అది ఒకటే నవ్వు.

"నాన్నా, అమ్మ నువ్వు పెట్టిన చోట ఎక్కడ కూర్చుంది? నువ్వటు వెళ్ళగానే కుర్చీ తలుపు దగ్గరికి లాక్కునేది. తలుపు కొంచెం తీసి ఉంచేది, పక్కగదిలో నేను నిద్ర లేచి పిలిస్తే వినపడాలంటగా! 'మీ నాన్నకు చెప్పకే, కొలతలు పోయాయని ఇల్లు పీకి పందిరేస్తాడు' అంది."

అదక్కా సంగతి. నేను ఆమెను మధ్యకు లాగాలని చూస్తున్నాను, ఆమె పిల్ల పిలుపు వినపడే చోట కూర్చుని ఉంది. చాలాసేపు ఏడ్చాను. ఆ మధ్యాహ్నం నేను వినకపోవడం దీంతో మాసిపోదు, తెలుసు.

ఈ పొద్దున వడ్రంగిని పిలిచి తలుపు ఊడదీయించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అనుకో. ఆ రోజు పిడి ఎవరు దించారో ఇప్పటికీ తెలియదు. ఇక దించడానికి పిడి లేదు.

వడ్రంగి వెళ్ళాక కథ మళ్ళీ వేశాను. ఖాళీ గుమ్మంలోంచి గొంతు వచ్చింది. నాలుగు వాక్యాలు చదివి ఆగింది. ఇన్నాళ్ళూ ఊపిరి తీసుకుంటోంది అనుకునేవాణ్ణి. ఆలకిస్తోందక్కా. ఆగిన ప్రతిసారీ నేనూ పక్కగది వైపు చెవి పెట్టాను. అక్కడ ఎవరూ పిలవలేదు. ఆమె మాత్రం ఆగుతూనే ఉంది.

ఆదివారం వస్తున్నాను. బుడంకాయ బట్టలు సర్ది ఉంచు.

నీ తమ్ముడు