అత్తయ్య మరిగించే టీ బ్యాగులు

మార్చి 4, మంగళవారం

ఆయన పనిచేసే హోటల్ నుంచి ఇంకో డబ్బా టీ బ్యాగులు తెచ్చారు. అట్టపెట్టె నలిగితే గెస్టుల గదుల్లో పెట్టరట, స్టాఫుకి పంచేస్తారట. మూడు మూలల సంచులు. పట్టుగుడ్డలా మెరుస్తాయి. అత్తయ్య ఒకటి పైకెత్తి చూసుకుని, ఈ వీధిలో ఇలాంటి టీ తాగే ఇల్లు ఇంకోటి చూపించమను అంది.

వాటిని వేడినీళ్లలో ముంచి తీసేస్తే అత్తయ్యకు నచ్చదు. టీ అంటే మరగాలి, ముంచడానికి అదేమన్నా స్నానమా అంటుంది. నాలుగైదు సంచులు పాలగిన్నెలో పడేసి రంగు తిరిగేదాకా మరిగించి, పటకారుతో పిండుతుంది. పిండినవి కిటికీ గట్టు మీద ఆరబెడుతుంది. సాయంత్రం మళ్లీ అవే.

నేనూ అదే తాగుతున్నాను. నాకిప్పుడు నాలుగో నెల.

మార్చి 6, గురువారం

పైవాటాలో ఉండే ల్యాబ్ అక్క వచ్చింది. నీళ్లు టెస్ట్ చేసే చోట పని చేస్తుంది కాబట్టి అందరికీ ల్యాబ్ అక్కే. గిన్నెలో తేలుతున్న సంచులు చూసి పకపకా నవ్వింది. ఇదేంటి పిన్నిగారూ, సంచులకి చాకిరేవు పెట్టారా అంది. తర్వాత నవ్వు ఆపి, ఇవి కాగితం కాదండీ, ప్లాస్టిక్ దారం, వేడికి కంటికి ఆనని ముక్కలు టీలోకి రాలతాయి అని చెప్పింది.

అత్తయ్య గ్లాసు ఆమె ముందు ఠక్కున పెట్టింది. తాగితే తాగు లేకపోతే మానెయ్, మావాడు ఏదైనా తెస్తే కొందరికి కడుపు మండుతుంది అంది.

అక్క తాగలేదు. నేను తాగాను. అత్తయ్య నన్నే చూస్తోంది మరి.

మార్చి 7

కంటికి ఆనని ముక్కలు. గుండ్రంగా ఉంటాయా, పొడుగ్గా ఉంటాయా? మింగాక ఎటు పోతాయి?

మార్చి 9, ఆదివారం

అత్తయ్య కునుకు తీస్తుంటే ఒక సంచిని కత్తిరించాను. పొడి దులిపేసి గుడ్డని స్టవ్ మంట దగ్గర పెట్టాను. కాగితమైతే భగ్గుమని బూడిదవుతుంది. ఇది ముడుచుకుంది, కరిగింది, నల్లపూసలా గట్టిపడింది. గోటితో గీస్తే గీత కూడా పడలేదు.

నాకు భయం వేయాలి కదా. ముందు సంతోషం కలిగింది. ఏడో క్లాసులో బడి మానేశాక ఒక సంగతి నా అంతట నేను కనిపెట్టడం ఇదే మొదటిసారి. భయం ఆ తర్వాత వేసింది.

ఆయనకి పూస చూపించాను. నా చెవి దగ్గర పెట్టి చూసి, కమ్మలు చేయిద్దామా అన్నారు. అత్తయ్యకి మీరే చెప్పండి అన్నాను. అమ్మకా? నేను తెచ్చానని ఊరంతా టముకు వేస్తోంది, ఆ టీ వద్దని నేనే అంటే ఇంకేమైనా ఉందా, నువ్వే చెప్పు అన్నారు.

కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికే నాకు నోరు పెగలదు. ఇది చెప్పాలట.

మార్చి 11

మెట్ల దగ్గర ల్యాబ్ అక్కని ఆపి అడిగాను, బిడ్డదాకా పోతాయా అని. కొందరు తల్లుల కడుపులోని మాయలో ఇలాంటి ముక్కలు దొరికాయని చదివానంది. నా మొహం చూసి చెయ్యి పట్టుకుంది. దొరకడం వేరు, కీడు చేయడం వేరు, ఆ రెండోది ఎవరూ తేల్చలేదు, ఇంకా వెతుకుతున్నారు అంది.

అంత చదివినవాళ్లకీ తెలియదట. వాళ్లూ నేనూ ఒకే బెంచీ మీద కూర్చున్నట్టు అనిపించింది.

మార్చి 12

వికారంగా ఉందని అబద్ధమాడి టీ వద్దన్నాను. అత్తయ్య ఇంకో సంచి ఎక్కువ వేసి, స్ట్రాంగుగా తాగు, అదే కట్టేస్తుంది అంటూ తెచ్చిచ్చింది.

మార్చి 13, గురువారం

క్లినిక్‌కి వెళ్లాం. డాక్టరమ్మ నన్ను అడుగుతుంది, అత్తయ్య చెబుతుంది. ఎప్పుడూ అంతే. నిద్ర పడుతోందా అంటే, ఆ, గుర్రు పెడుతోంది అంది అత్తయ్య.

అత్తయ్య లేచి నిలబడింది. నేను లేవలేదు. టీ బ్యాగులు పాలల్లో మరిగిస్తే ఆ ప్లాస్టిక్ బిడ్డకి చేరుతుందా అండీ అని అడిగేశాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. మరిగిస్తారా అంది. రెండు పూటలా అన్నాను. ఎంత చెడో ఇంకా తేలలేదమ్మా, జరిగినదానికి బెంగ పెట్టుకోకు, మానగలిగింది మానేస్తే పోయేదేం లేదు, మామూలు పొడి వడకట్టుకో, అదీ కొంచెమే తాగు అంది.

ఇంటికి వచ్చాం. తలుపు తాళం తీస్తూ అత్తయ్య అంది. నోట్లో నాలుక లేని పిల్లని తెచ్చుకున్నామనుకున్నాను, నా ముందు లేని నాలుక డాక్టరు ముందు ఎక్కడ్నుంచి వచ్చింది? నా మనవడికి నేను విషం పోస్తానా?

అరిచి ఉంటే బాగుండేది. కళ్లనీళ్లు పెట్టుకుంది.

మార్చి 14

ఇంట్లో టీ లేదు. మాటా లేదు.

మార్చి 15, శనివారం

పొద్దున లేచేసరికి అత్తయ్య కత్తెరతో కూర్చుని ఉంది. సంచులు ఒక్కొక్కటే కత్తిరించి పొడి సీసాలో పోస్తోంది. గోడకి చెప్పినట్టు, పొడి ఏం పాపం చేసింది అంది. నేనూ ఇంకో కత్తెర తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. మంటలో కాల్చి చూసిన సంగతి చెప్పాను. దొంగ మొహమా, నేను పడుకుంటే ఇవా నీ పనులు అంది. అయినా పూస తెమ్మని చేతిలో వేసుకుని చాలాసేపు తిప్పి చూసింది.

టీ మరిగింది. వడకట్టబోతూ ఇద్దరం ఆగిపోయాం. జాలీ కూడా ప్లాస్టిక్కే. పదేళ్ల నాటిది, అంచులు కొరికేసినట్టున్నాయి. ఆ కొరికిన ముక్కలన్నీ ఎవరు తాగారే అంది అత్తయ్య. నాకు నవ్వు ఆగలేదు. ఆవిడకీ ఆగలేదు. చివరికి పాత నూలు చీర చించి వడకట్టాం. ఒక గుక్క తాగి, చప్పగా ఏడిసింది, ఆ ప్లాస్టిక్కే రుచి అన్నమాట అంది.

మార్చి 18

ఇవాళ అత్తయ్య గొంతు తగ్గించి అడిగింది. మరి నా లోపల ఎంత ఉంటుందే?

తెలీదు అత్తయ్యా, ఎవరికీ తెలీదట అన్నాను.

తన పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఏదో వింటున్నట్టు కూర్చుంది.