లోయ అంచున తెలిసిన సంగతి

అక్టోబర్ 14, మంగళవారం
పేజ్, అరిజోనా

పొద్దున మేం తిరుగుతున్న ఇల్లులాంటి బండి, ఆర్‌వీని క్యాంప్‌గ్రౌండ్‌లోనే వదిలేసి, నది మెలిక తిరిగే లోయ చూడటానికి బస్సులో వెళ్లాం. రవి నీళ్ల బాటిళ్లు కొనడానికి వెళ్లినప్పుడు, మా ఊరు చాండ్లర్‌లో తనతో పనిచేసే సుధాకర్ గారు కనిపించారు.

"రవికి వేరే జాబ్ దొరికిందామ్మా? మా టీమ్ మొత్తాన్ని తీసేసి నెల దాటింది కదా," అన్నారు.

"చూస్తున్నారండీ," అన్నాను. ఎలా అనగలిగానో తెలియదు.

ఈ నెలంతా పొద్దున్నే లాప్‌టాప్ బ్యాగ్ తగిలించుకుని వెళ్తుంటే ఆఫీసుకే అనుకున్నాను. రెండు వారాలు లీవ్ ఇచ్చారంటే సంబరపడ్డాను కూడా. జాబ్ పోతే ఇంకోటి వెతుక్కోవడానికి మా వీసాకి అరవై రోజులే గడువు. అందులో సగం అయిపోయింది. ఆ నెలంతా ఎక్కడ కూర్చున్నాడో, మధ్యాహ్నం ఏం తిన్నాడో...

రవి తిరిగొచ్చి, "ముఖం వాడిపోయిందేంటి? ఎండకా?" అన్నాడు. అవునన్నాను. తన టోపీ తీసి నాకు పెట్టాడు.

తిరుగు బస్సులో అడిగేద్దామని అతనివైపు తిరిగాను. నా భుజం మీద తల వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వారాల తరబడి రాత్రిళ్లు పక్కమీద దొర్లుతున్న మనిషి. లేపలేకపోయాను.