బంగళా గోడకు కొక్కెం

జూలై 3
మా సబ్ సెంటర్ నడిచే బంగళాకు టూరిజం వాళ్లు కొలతలు వేసుకుపోయారు. రిసార్ట్ చేస్తారట. నెలాఖరులోపు ఇక్కడ ఒక్క డెలివరీ అయినా చూపించకపోతే సెంటర్ వాగు అవతలికి మారుస్తారట. పోతూ పోతూ బంగళా హిస్టరీ రాసిమ్మని నర్సునైన నాకే చెప్పారు. నా ఖర్మ!

జూలై 4, మధ్యాహ్నం
రాశాను. ఇంగ్లీషు దొర వేటకు కట్టించుకున్నాడు. తర్వాత కలప కాంట్రాక్టర్ డిపో. తర్వాత బీడీల తునికాకు గోదాం. ఆరేళ్లుగా మేము. లోపలి గదిలో గోడకు పెద్ద ఇనుప కొక్కెం ఉంది. పై ఊళ్లవాళ్లు జ్వరాలతో వస్తే సెలైన్ దానికే తగిలిస్తాను, స్టాండు ఎందుకు? దొరల పనితనం అని అది కూడా రాశాను.

జూలై 9
ప్రమీల వచ్చింది. నెలలు నిండాయి. తొలిచూలు బిడ్డ వాగు దాటుతుంటే పోయింది. అయినా లోపలికి రాదు, వరండాలోనే కూర్చుంటుంది! మంత్రసాని జంపక్కను అడిగితే, ఆ గదిలకు మావోళ్లు రారు సిస్టరమ్మా, అంది. దొర దయ్యమై తిరుగుతున్నాడని భయం కాబోలు. ఎర్రుపాలెంలో అమ్మకు ఫోన్ చేస్తే గుమ్మడికాయ కట్టమంది. కట్టాను. గదికి గులాబీ రంగు కూడా వేయించాను.

జూలై 15
ఎవరూ రాలేదు. గుమ్మడికాయ, నేను.

జూలై 18
వాన. ప్రమీలకు రోజులు దగ్గరపడ్డాయి, నాకు కాలు నిలవడం లేదు. జంపక్క మీద అరిచాను. దయ్యాలను పట్టుకుని వేలాడితే ఈ బిడ్డ కూడా పోతుందన్నాను. ఆమె గడప దాటలేదు. అక్కడినుంచే కొక్కెం చూపించింది. దొర మా తాతను గా కొక్కేనికే కట్టి కొట్టిండు, దుంగ కొట్టిండని కలప కాంట్రాక్టర్ మా నాయనను కట్టిండు, ఆకు కట్టకు రేటు అడిగిండని గోదామోళ్లు ప్రమీల మామ దూలయ్యను చేతులు పైకి గుంజి కట్టిండ్రు, దయ్యం ఏంది బిడ్డా, అంది. కోపంగా కూడా అనలేదు.
సిగ్గుతో చచ్చిపోయాను. దానికే కదా ఆరేళ్లుగా మందుసీసా తగిలించింది!

జూలై 19
గడ్డపారతో పొడిచాను. అరచేతులు బొబ్బలెక్కాయి. కొక్కెం ఊడలేదు. దొరల పనితనం.
మంచం వరండాలోకి ఈడ్చాను.

జూలై 23, సాయంత్రం
వాగు పొంగింది. ప్రమీలకు పొద్దున్నే నొప్పులు. వరండాకు చీరలు కట్టి జంపక్క, నేను పురుడు పోశాం. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తల్లికి రక్తం ఎక్కువ పోయింది. సెలైన్ ఎక్కించాలి, స్టాండు లేదు. చీర అవతల నిలబడ్డ దూలయ్య సీసా అందుకుని చెయ్యి పైకెత్తాడు. రెండు గంటలు దించలేదు. చెయ్యి మార్చుకో పెద్దయ్యా అంటే, అలవాటే, అన్నాడు.

జూలై 24
తల్లీబిడ్డా క్షేమం. రిజిస్టర్ నింపాను.
పుట్టిన చోటు: వరండా.
కాలమ్ లేకపోయినా ఇంకోటి రాశాను. సెలైన్ స్టాండు: దూలయ్య.