సొంత నల్లమందు

4 జూన్ 1984
అన్నయ్య ఓడ దిగి తొమ్మిది రోజులు. ఇవాళ వాడి షేవింగ్ డబ్బాలో తెల్లపొడి పొట్లం. "తలనొప్పికే సెల్లీ..." ఫార్మకాలజీ ల్యాబులో పనిచేసేదాన్ని, నాకా ఈ కథలు! కొకైన్. ఏ రేవులో మరిగాడో. మొత్తం మురిక్కాలవలో పారబోశాను.

7 జూన్
తిండి లేదు, స్నానం లేదు. గోడకేసి తిరిగి పడుకున్నాడు. "ఏటీ బాగోదే..." ముప్ఫై ఏళ్ళ మగాడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. అమ్మ దిష్టి తీసింది. నాకు భయంగా ఉంది.

9 జూన్
ఎవరి గురించో అన్నట్టు మా ల్యాబు మేడమ్‌ని అడిగాను. నల్లమందులాంటిది మెదడే సొంతంగా చేసుకుంటుందట — ఎండార్ఫిన్లు. కొకైన్ నల్లమందు కాదు, కానీ ఆ సొంత సరుకుని కూడా కదిలిస్తుందేమోనని అనుమానమట. "ఖాయంగా ఎవరికీ తెలీదమ్మా." బాగుంది! ఎవరికీ తెలీనిది మా ఇంట్లోనే మంచమెక్కింది.
ఇంటికొచ్చి అమ్మకు అర్థమయ్యేలా చెప్పాను: వాడి బుర్రలో నల్లమందు అయిపోయి ఉంటుంది.

12 జూన్
లేచాడు! నవ్వాడు. చేపల పులుసు రెండుసార్లు పోయించుకున్నాడు.

13 జూన్
కళ్ళు చూశాను. కంటిపాప ఆవగింజంత. ల్యాబు గోడమీద మార్ఫిన్ చార్టులో ఉన్న కన్నే.
అమ్మను నిలదీశాను. "సిన్న పిసరు నల్లమందే. పాలల్లో ఇత్తన్నాను. పళ్ళొచ్చినప్పుడు నీకూ ఇచ్చినాను, సచ్చిపోనావేటి? నువ్వే సెప్పినావు కదే, ఆడి బుర్రలో అయిపోనాదని. అయిపోనాదే పోసినాను."
నా నోరు పడిపోను.

14 జూన్
పాలు మాన్పించాను. చెమటలు, ఆవలింతలు. గిన్నె విసిరాడు.

15 జూన్, మధ్యాహ్నం
చొక్కా తొడుక్కున్నాడు. "పాలియ్యకపోతే హార్బరుకెల్తాను. పొడి ఆడ దొరుకుద్ది." అమ్మ గ్లాసు పట్టుకుని నావైపే చూస్తోంది. "సెప్పవే, సదూకున్నదానివి. ఏటి సెయ్యమంతావు?"
మేడమ్ ఊళ్ళో లేరు. పెద్దాసుపత్రికి పోదామంటే — "నన్ను పోలీసులకి పట్టిత్తావా?"
ఇవ్వు అన్నాను. నేనే అన్నాను.
తాగి పడుకున్నాడు. పక్కనే కూర్చుని ఊపిరి చూస్తున్నాను... ఆడుతోంది. లేచాక మళ్ళీ అడుగుతాడు. ఈ పిసరు చాలదంటాడు. అప్పుడేమనాలి?