తొమ్మిదింటికి సున్నం

శుక్రవారం, ఇరవై మూడో తేదీ
సండే స్కూల్ గది, సాయంత్రం

నాన్నగారికి,

మీ చిన్నమ్మాయి వందనాలు. నేను క్షేమం. మీరూ క్షేమమేనని తెలుసు, పొద్దున మీరు తిన్న ప్లేటు నేనే తీశాను. ఉత్తరం క్షేమ సమాచారంతోనే మొదలుపెట్టాలని తెలుగు టీచర్ చెప్పారు. ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేంటి అనుకోకండి. మీ ఎదురుగా నిలబడితే నా నోరు పెగలదు. ఇంగ్లీషులో రాస్తే అక్క చేత చదివించుకుంటారు. ఇది మీరొక్కరే చదవాలి. అందుకే తెలుగులో రాసి, మీ కళ్లజోడు డబ్బాలో పెడుతున్నాను. ఒత్తులు తప్పుంటే నవ్వకండి.

అసలు విషయం. సండే స్కూల్ గోడ మీద బొమ్మ వేసింది పెయింటర్ తాత ఒక్కడే కాదు. నేను కూడా.

రెండు నెలలుగా లెక్కల ట్యూషన్ అని చెప్పి వెళ్లింది ఇక్కడికే. ఆకాశం, గది, దీపం తాతవి. కింద కూర్చుని వేయడానికి ఆయన మోకాళ్లు ఒప్పుకోలేదు. అందుకని చేతులూ కాళ్లూ నావి. ప్రభువు శిష్యుల కాళ్లు కడుగుతున్న బొమ్మ కావాలని అడిగింది మీ కమిటీయే కదా. మీరిచ్చిన నమూనా కాగితంలో పన్నెండు జతల కాళ్లూ చెప్పుల షాపు బోర్డు మీద కాళ్లలా ఉన్నాయి. ఒక్క మడమకీ పగులు లేదు.

అది చూస్తే మన చర్చిలో ఏటా జరిగే కాళ్లు కడిగే ఆరాధన గుర్తొచ్చింది. పాస్టరుగారు కడగడానికి పెద్దలే పన్నెండు మందిని ముందుగా ఎంచుతారు. ఆ పన్నెండు మందీ ఇంట్లో సబ్బుతో రుద్దుకుని, కొత్త సాక్సులు వేసుకుని వస్తారు. మీరైతే ముందు రోజే రాయి పట్టుకుని బాత్రూంలో కూర్చుంటారు. ఇంకెంతసేపు, మడమలు అరిగిపోతాయి అని అమ్మ తలుపు బాదుతుంది. కడిగించుకోవడానికి వెళ్తూ ముందే కడుక్కోవడమేంటి అని చిన్నప్పుడు అడిగితే, పరువు పోతుందే పిచ్చిదానా అన్నారు మీరు. చివరి బెంచీల వాళ్లని మాత్రం ఒక్క ఏడాదీ పిలవలేదు.

అందుకని నేను చివరి బెంచీ వాళ్ల కాళ్లు వేశాను. వాళ్లు చెప్పులు బయట వదిలి వస్తారు కాబట్టి, ప్రార్థనలో కళ్లు మూసుకోకుండా వాళ్ల కాళ్లు చూసేదాన్ని. ఊడ్చే ఆంటీ మడమలు. ఇస్త్రీ ఆయన పాదం మీద కాలిన మచ్చ. చిట్టచివర బూట్ల మామయ్య.

ఆయన గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మీరు సూపర్‌వైజరుగా ఉన్న హాస్పిటల్లోనే మురుగు ట్యాంకులు శుభ్రం చేసేవాడు. హాస్పిటల్ వాళ్లు ఇచ్చిన రబ్బరు బూట్లు రెండు సైజులు పెద్దవని చేత్తో పట్టుకు నడిచి, పనిలోకి దిగేటప్పుడే తొడుక్కునేవాడు. అందుకే పిల్లలం ఆ పేరు పెట్టాం. ఎడమ కాలి చిటికెన వేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉండేది. సవారీ చేస్తోందర్రా, దిగమంటే దిగదు అని మాకు ఆడించి చూపించేవాడు. నాలుగు నెలల క్రితం ట్యాంకులోకి దిగాడు. ప్రాణంతో పైకి రాలేదు.

గోడ మీద ఆ వేలే పట్టిచ్చింది. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన ఆయన భార్య గోడ ముందు ఆగిపోయింది. వేలి మీద చెయ్యి పెట్టి, మా ఆయన కాలు నీకెట్లా తెలుసు పెద్దాయనా అని అడిగింది. తాత రంగు డబ్బాకి మూత పెట్టాడు. నేను బ్రష్ పట్టుకుని తలుపు వెనకే ఉన్నాను. అప్పటి నుంచి ఆవిడ రోజూ పొద్దున తొమ్మిదింటికి వచ్చి ఆ గోడ కింద కూర్చుంటోంది. తోడుగా చివరి బెంచీ వాళ్లు కూర్చుంటున్నారు. ఆయన్ని ఎవరు దించారు, మాస్కు ఎందుకివ్వలేదు అని అడుగుతున్నారు.

బుధవారం మీ మీటింగు కిటికీ కింద నిలబడి విన్నాను. ఇది మందిరమా, ధర్నా టెంటా అన్నారు సెక్రటరీ అంకుల్. ప్రభువు దగ్గర ఆ కాళ్లేంటి, చూస్తుంటేనే వాసనొస్తోంది అన్నారు ఇంకొకాయన. ప్రభువు కుడిచేతి ఉంగరం వేలు వంకరగా వేశాడు, ఇది దేవదూషణ కాదా అన్నారు మరొకరు. వయసైపోయింది బాబూ, చెయ్యి వణికింది, బొమ్మంతా నాదే, తప్పంతా నాదే అన్నాడు తాత. తాత చెయ్యి వణకదు నాన్నా. ఆయన గీత గీస్తే స్కేలు సిగ్గుపడాలి. నా పేరు బయటికి రాకూడదని అలా అన్నాడు. అప్పుడు మీరే అన్నారు, శనివారం తొమ్మిదింటికి నీ చేత్తోనే సున్నం కొట్టు, లేకపోతే ఈ గుమ్మం తొక్కకు అని. తాత సరేనన్నాడు.

నేను సరే అనను.

రేపు తొమ్మిదింటికి ఆ గోడకి వీపు ఆనించి నిలబడతాను. సున్నం వేయాలంటే ముందు నాకు వేయాలి. భయం లేదని కాదు. కొడతారేమో, స్కూలు మాన్పిస్తారేమో, అన్నీ ఆలోచించాను. కొట్టండి. ప్రభువు మోకరించింది శుభ్రంగా ఉన్న కాళ్ల కోసం కాదని సండే స్కూల్లో మాకు చెప్పింది మీరే. ఇదే గదిలో, ఆ గోడ ముందే నిలబడి చెప్పారు. మీరు ఊరికే చెప్పారేమో, నేను నమ్మేశాను.

తాతని ఏమీ అనకండి. అమ్మకి ఇవేవీ తెలియవు. అక్కకి సగం తెలుసు.

ఇట్లు,
మీ చిన్నది

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. ఇది రాయకపోతే పైన రాసిందంతా అబద్ధమే.

ఆ మధ్యాహ్నం నేను హాస్పిటల్లోనే ఉన్నాను. లెక్కల్లో పన్నెండు మార్కులొచ్చిన రిపోర్టు మీద మీ సంతకం కోసం వచ్చి, భయమేసి పంపు రూము వెనక ఆగిపోయాను. వాసన తేడాగా ఉంది సార్ అన్నాడు మామయ్య. మాస్కు స్టోర్లో ఉంది, తాళం తెప్పించేసరికి లేటవుతుంది, ఐదు నిమిషాల పని, దిగు అన్నారు మీరు. ఆయన బూట్లు తొడుక్కుని దిగాడు. నేను చెప్పలేదు, తనంతట తనే దిగాడు అని తర్వాత ఎంక్వయిరీలో మీరు రాసి సంతకం పెట్టారు. నా రిపోర్టు మీద మీ సంతకం నేనే పెట్టుకున్నాను. ఒక దొంగ సంతకం మీది, ఒకటి నాది. నాలుగు నెలలు ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని ప్రార్థన చేసి అన్నం తిన్నాం.

ప్రభువు చేతికి ఆ వంకర వేలు కావాలనే వేశాను. మీ కుడి చెయ్యి చూసుకోండి, కారు తలుపులో పడి విరిగిన వేలు. ఆ కాళ్లు కడగడానికి నాకు వేరే ఎవరి చేతులూ తోచలేదు.

ఆవిడ రేపు కూడా తొమ్మిదింటికి వస్తుంది. మీరు చెప్తారా, నేను చెప్పనా?