నాలుగో సీసా

నీటి పరీక్షల ప్రయోగశాల అధికారిణి గారికి,

మా వీధి నీళ్ళను పాడుచేసింది మీరే. కుళాయి తిప్పితే క్లోరిన్ మందు కంపు. ఆ కంపు కింద 'తాగడానికి యోగ్యం' అన్న సంతకం మీది. నేను కరపత్రాలు చదివినవాణ్ణి, సంతకాలకు తలవంచను. అందుకే మా గుమ్మం ముందు డ్రమ్ము పెట్టాను. కుళాయి నీళ్ళు నింపి, మూత తీసి మూడు రోజులుంచి, రెండు పూటలా మోచేతి దాకా చెయ్యి ముంచి కలుపుతున్నాను. మందు ఎగిరిపోతుంది. ఆ నీళ్ళు బకెట్లతో ఇంటింటికీ నేనే మోస్తున్నాను. పదకొండు ఇళ్ళు నా వైపు వచ్చాయి.

వాటిలో నాలుగిళ్ళలో ఇప్పుడు జ్వరాలు. మీ మందు డ్రమ్ములో కూడా మమ్మల్ని వదలడం లేదన్నమాట. జవాబు చెప్పండి.

ఇట్లు,
తలవంచని యువకుడు

తా.క. గరిటెతో కలపమని మా నాయనమ్మ అంది. గరిటె వంటింటి బానిసత్వానికి గుర్తని చెప్పాను. అదే గరిటె చూపించి బయటికి పొమ్మంది.

*

తలవంచని తమ్ముడికి,

తిట్లు ఒకసారి, జ్వరాల సంగతి రెండుసార్లు చదివాను. ఆ మందు వాసన ఉన్నంతసేపే నీళ్ళలో క్రిములు బతకవు. మూడు రోజులు కష్టపడి నువ్వు తరిమేస్తున్నది కాపలావాణ్ణి.

నాలుగు సీసాలు పంపుతున్నాను. కుళాయి, డ్రమ్ము, బకెట్, ఇంకెక్కడైనా అనుమానం ఉన్న చోటు, ఒక్కోదాని నుంచి ఒక్కో సీసా నీళ్ళు పట్టి పంపు. సీసా మూతికి వేలు తగలనివ్వకు. అందాకా డ్రమ్ము నీళ్ళు కాచకుండా ఎవరికీ పొయ్యకు.

ఇట్లు,
ప్రయోగశాల అధికారిణి

తా.క. మీ నాయనమ్మ గారి గరిటెకు నా పూర్తి మద్దతు.

*

అధికారిణి గారికి,

సీసాలు ఇవిగో. మూతలు మీవి కాబట్టి నమ్మలేదు. ఒక్కో సీసాను అరచేత్తో మూసి, బాగా కుదిపి, ఆ తర్వాతే మీ మూత బిగించాను. అది ప్రజల ముద్ర. కాచమన్నారు. కాస్తే మీ మాట విన్నట్టవుతుందని కాచలేదు.

ఒక సంగతి తప్పక రాయాలి. జ్వరం వరుస తప్పడం లేదు. నేను మొదట బకెట్ దింపిన గుమ్మమే మొదట పడింది, రెండోది రెండోసారి. నిన్న ఏడో గుమ్మం. మధ్యలో, మీ కుళాయి నీళ్ళే తాగే దర్జీ ఇంటిని మాత్రం దాటేసింది. వాళ్ళింట్లో తుమ్ము కూడా లేదు. పొద్దున వీధిలో నడుస్తుంటే ఆ కుట్టుమిషను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. నా వెనకే ఎవరో వస్తున్నట్టుంటుంది. తిరిగి చూస్తే తడి గచ్చు, దాని మీద నా పాదాల గుర్తులు. నా మనుషులెవరో కనిపెట్టి పగ తీర్చుకుంటున్న ఆ గూఢచారి ఎవరు?

ఇవాళ మా నాయనమ్మకు ఒళ్ళు కాలిపోతోంది. ఆసుపత్రిలో చేర్చాను. నేను ముంచి ఇస్తేనే గుక్కెడు తాగుతుంది. ఆమెకేమైనా అయితే మిమ్మల్ని వదలను.

ఇట్లు,
తలవంచని యువకుడు

తా.క. నాలుగో సీసాలోవి మా వీధి నీళ్ళు కావు. మీ ప్రయోగశాల వరండాలో మీరు తాగే కుళాయివి. ఇప్పుడేం రాస్తారో చూస్తాను.

*

తమ్ముడూ,

కూర్చుని చదువు. నీ సీసాల నీళ్ళు వేసి క్రిములు పెంచే నాలుగు గాజు పళ్ళాల్లోనూ ఒకటే మొలిచింది. నల్లటి చుక్కలు, అంచున లోహపు మెరుపు. టైఫాయిడ్ క్రిమి. నీళ్ళలో అది దొరకడం చాలా కష్టం, ఇరవై ఏళ్ళలో రెండుసార్లు చూశాను. నీ సీసాల్లో తలుపు తీసినట్టే ఎదురొచ్చింది. మీ నాయనమ్మ గారి రక్తంలోనూ అదేనని ఆసుపత్రివాళ్ళు చెప్పారు.

నాలుగో సీసాలోనూ ఉంది. మా వరండా నీళ్ళు నేనే మళ్ళీ పట్టి చూశాను. ఏమీ మొలవలేదు. మీ వీధి కుళాయి దగ్గర మా మనిషి పట్టిన సీసాలోనూ ఏమీ లేదు. ఇన్ని చోట్లకూ వెళ్ళివచ్చింది ఒక్కటే ఉంది, నీ అరచెయ్యి.

ఈమధ్య ఎప్పుడైనా నీకు పెద్ద జ్వరం వచ్చి తగ్గిందా? తగ్గాక కూడా కొందరి ఒంట్లో ఆ క్రిమి చప్పుడు చెయ్యకుండా కాపురం ఉంటుంది. మనిషి మాత్రం నిక్షేపంలా తిరుగుతుంటాడు. ఈ డబ్బాలో నీ మలం నమూనా పంపు. బకెట్ ముట్టుకోకు.

ఇట్లు,
అక్కలాంటి అధికారిణి

తా.క. దీనికి మాత్రం మూతే పెట్టు. ప్రజల ముద్ర వద్దు.

*

అక్కా,

ఫలితం అందింది. తెచ్చిన మీ మనిషి ఒక సబ్బుబిళ్ళ కూడా చేతిలో పెట్టి వెళ్ళాడు.

పోయినేడు నాకు నెల రోజులు జ్వరం. ఆసుపత్రి మెట్లెక్కకుండా కరపత్రం చూసి ఆకు పసర్లతో తగ్గించుకున్నానని ఊరంతా చెప్పుకున్నాను. తగ్గలేదు, నాలో ఇల్లు చూసుకుంది. నా వెనక ఎవరూ నడవలేదక్కా. రోజూ పలకరించి, చిరునవ్వుతో గ్లాసు నింపింది నేనే.

నాయనమ్మ నర్సు ఇస్తే తాగనంది. నేను కిటికీ అద్దం ఇవతల, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, తాగవే అని పెదవులు కదిపాను. నా చేతులు ఎక్కడికి పోయాయా అని వెతికింది. చాలాసేపటికి తాగింది. గండం గడిచినట్టేనని డాక్టరు అన్నాడు. నా మందులు రేపటి నుంచి.

ఇట్లు,
మీ తమ్ముడు

తా.క. రేపు మీరు వస్తానన్నారని గోడల మీద అంటించిన కాగితం నకలు జత చేస్తున్నాను. కరపత్రం రాయడం నాకిదే మొదటిసారి, తప్పులుంటే దిద్దండి:

'వీధివాసులారా, ఏడిళ్ళకు జ్వరం మోసింది నేను. రేపు ఉదయం ఎనిమిది గంటలకు అందరూ మా గుమ్మం ముందుకు రండి. ప్రయోగశాల అక్క వచ్చి రక్తాలు పరీక్షిస్తుంది. డ్రమ్ము మీరే బోర్లించాలి, నేను అవతలి గోడ దగ్గర ఉంటాను. తిట్టదలిచినవాళ్ళు అక్కడి నుంచే తిట్టండి, వినపడుతుంది. జ్వరం లేనివాళ్ళు ఉన్నవాళ్ళను పట్టుకుని తీసుకురండి. ఎనిమిదింటికి. ఒక్కరూ మానకండి.'