లేని మిల్లుకు సాంబ్రాణి

రేపల్లె దగ్గర, మన ఊరు
జూన్, 2006

ముద్దుల తమ్ముడు షఫీకి జాన్‌బీ అక్క సలాం.

తెనాలిలో గది చూశానని, మమ్మల్ని వెంటనే వచ్చేయమని రాశావు. నాకైతే రేపే రావాలని ఉంది. మీ బావే కదలనంటున్నాడు. "ఊరు ఊరంతా ఇక్కడుంటే తెనాలి దేనికే? మనం పోతే ధూపం ఎవరేస్తారు?" అంటాడు. ఆయన్ని తప్పుపట్టలేను. ఆయనకు ఈ ఊరు ఇంకా ఉంది. పోయిందని నేను చెప్పలేదు.

చూపు పోయినా ఆయన శుక్రవారం సాంబ్రాణి మానలేదని నీకు తెలుసు. కర్ర ఒక కొస నేను పట్టుకుంటాను, రెండో కొస ఆయన. కొట్టుకొట్టుకూ ధూపం వేసి, ఆనక ఊళ్లో పాతవాటికీ వేస్తాడు. పంచాయతీ రేడియో గది, కాలవ మీద పడవల రేవు, రైసుమిల్లు. వాళ్ల నాన్న వేశాడు కాబట్టి ఈయనా వేస్తాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రేడియో గది పోయింది. రేవు మెట్ల మీద మట్టి పోసి రొయ్యల చెరువులకు దారి వేశారు. మిల్లును ఇటుకల కోసం కూల్చేశారు. ఒక్కోటి పోయినప్పుడల్లా వచ్చేవారం చెబుదాంలే అనుకున్నాను. నోరు రాలేదు.

"మిల్లు గుమ్మమేనా?" అని అడుగుతాడు. అవునంటాను. బోసినేల మీద నిలబడి గాలికి ధూపం వేస్తుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. మొన్న ఎవరో కిసుక్కున నవ్వారు. టీకొట్టు జమలయ్య వాళ్లను కసిరి, "గుమ్మంలోనే ఉన్నారు సాయిబుగారూ, వెయ్యండి" అన్నాడు. ఊరంతా నాతో కలిసి అబద్ధమాడుతోంది. ఈ మధ్య ఆ పొగలో నాకూ గోడ కనపడుతోంది షఫీ. ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంటే నాకు మతి పోతుంది. రేపు చెప్పేస్తాను, ఏమైతే అదవుతుంది.

మీ అక్క,
జాన్‌బీ

*

షఫీ, నా నాయనా,

చెప్పేశాను. పొద్దున టీ తాగుతుంటే ఒక్కొక్కటే చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టేశాడు.

"రేవు కూడానా?"

"రేవు కూడానండీ."

తిడతాడనుకున్నాను. తిట్టాడు కూడా, కానీ నేననుకున్నందుకు కాదు. "ఓసి పిచ్చిదానా, ముందే చెప్పొద్దటే! పోయినవాళ్ల పేరున ఫాతెహా చదవాలి గదా. ఉత్త పొగ వేసి వచ్చేశానే ఇన్నాళ్లూ!"

"ఇటుకలకూ మెట్లకూ ఫాతెహా ఏంటండీ? మసీదులో హజరత్ వింటే చీవాట్లు పెడతారు."

"పెట్టనీ. వాటిని సాగనంపందే నా కాలు కదలదు."

శుక్రవారం వెళ్లాం. ప్రతిచోటా ఆగి చదివాడు. రేవు దగ్గర సగంలో ఆపి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. జమలయ్య కొట్టు కట్టేసి మా వెంట నడిచాడు. మిల్లు స్థలంలో పొగ లేచినప్పుడు నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. అంతా అయ్యాక, "ఇక పోదాం పద. ఇక్కడ మనకెవరూ లేరు" అన్నాడు. ఆదివారం పాసింజరుకు వస్తున్నాం.

ఇంటికి వస్తూ దారిలో ఆగిపోయాడు.

"జానూ, నీ మొహం కూడా పోయిందా?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పళ్లూడి, బుగ్గలు లోపలికి పోయి, అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టట్లేదు. "లేదండీ, అట్టాగే ఉంది" అన్నాను.

నువ్వు నన్ను చూసి చాలా ఏళ్లయింది. స్టేషన్లో ఆయన ముందు, ఎంత మారిపోయావక్కా అని మాత్రం అనకు నాయనా.

నీ అక్క,
జాను